అక్రమనిర్బంధము – అధికారికి రక్షణ యెంతవరకు?

(బహిరంగసభయందు మేము చేసిన యుపన్యాసపాఠము)



పోలీసువానిపై దావా వేయుదునని మన గ్రామములలో నెవ్వరైన ననినచో వినువారు నవ్వుదురు. ఆ నవ్వునందు సగము భయము, సగము అనుభవము. పోలీసువాడు సర్కారుమనిషి, సర్కారుపై గెలిచినవా డెవ్వడని వారి తలంపు. ఈ తలంపునకు మూలము చట్టములో నున్నదా, మన మనస్సులలో నున్నదా యని విచారించుటయే నేటి మా ప్రసంగవిషయము. మేము న్యాయవాదవృత్తియం దున్నవారము, ఉద్యమమున స్వచ్ఛందసేవకులము. కోర్టుహాలులోని మాటను సభామండపములోనికి దెచ్చి సుబోధముగ జెప్పుట మా విధియని యెంచి మీ యెదుట నిలిచితిమి.

ఒక వ్యవసాయకూలీని దలచుకొనుడు. ఊరిలో దొంగతనమైనదని వానిని సాయంకాలము ఠాణాకు బిలుతురు. వారంటు లేదు, కారణము చెప్పరు, పుస్తకములో బేరు వ్రాయరు. మూడు రాత్రు లచట నుంచి, నాల్గవనాడు మేజిస్ట్రేటువారి యెదుట నిలువబెట్టి, ఆ యుదయమే పట్టుకొంటిమని కాగితము దాఖలు చేయుదురు. రెండేండ్లకు కేసు కొట్టివేయబడును. ఆ రెండేండ్లలో కూలి పోయినది, అప్పు పెరిగినది, బిడ్డకు వచ్చిన సంబంధము తప్పినది. నిర్దోషి యని కోర్టు వ్రాసిన యొక్క మాటతో నివి తిరిగి వచ్చునా? ఆ మూడు రాత్రులకు జవాబుదారి యెవ్వరు? ఇట్టి కూలీలు మన జిల్లాలలో నెందఱో కలరు. వారి ప్రశ్నయే మా ప్రశ్న.

పోలీసువారికి నిర్బంధాధికారము చట్టమే యిచ్చినది. కాని చట్టమే దానికి హద్దులును గీచినది. రాజ్యాంగము 22వ అధికరణము ప్రకారము నిర్బంధితునకు కారణము తెలుపవలెను. న్యాయవాదిని సంప్రదింప నీయవలెను. 24 గంటలలోపల మేజిస్ట్రేటునొద్ద హాజరు పెట్టవలెను. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 35, 47, 58 సెక్షనులలో నీ నియమములే విపులముగ నున్నవి. నిర్బంధించుట కధికార ముండుట వేఱు, నిర్బంధించుటకు దగిన కారణ ముండుట వేఱని సుప్రీంకోర్టు 1994లో జోగీందర్ కుమార్ కేసున విశదీకరించెను. ఏడేండ్ల వఱకు శిక్షగల నేరములలో యాంత్రికముగ నరెస్టు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసున ఆజ్ఞాపించెను. కావున హద్దులు లేవని యెవ్వరును చెప్పజాలరు. హద్దు దాటినవాని నడుగుటకు వచ్చునప్పుడే మన కడ్డుగోడలు కానవచ్చును. అవి మూడు.

మొదటి గోడ ప్రభుత్వానుమతి. ఉద్యోగధర్మనిర్వహణలో జరిగిన పనికై సర్కారుద్యోగిని క్రిమినలుగ ప్రాసిక్యూటు చేయవలెనన్న ముందుగ ప్రభుత్వము సమ్మతింపవలెను. పాత క్రిమినల్ ప్రొసీజరు కోడులో నిది 197వ సెక్షను. నేడది 218వ సెక్షను. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయ డన్న సామెత యిచట సార్థకము. కోర్టు వినుటకు సిద్ధముగ నున్నను సచివాలయమున ఫైలు కదలదు. కొత్తచట్టమం దొక మేలు జరిగినది. 120 దినములలో ప్రభుత్వ మేదియు తేల్పనిచో ననుమతి యిచ్చినట్లే భావింపవలెనని వ్రాయబడినది.

అయినను ఈ గోడను గూర్చి జనులలో రెండు భ్రమలు కలవు. ఈ యనుమతి క్రిమినల్ ప్రాసిక్యూషనునకే గాని నష్టపరిహారపు సివిల్ దావాకు గాదు. ఇది యొకటి. రెండవది, ప్రభుత్వముచేత గాని, దాని యనుమతితో గాని తప్ప తొలగింపబడరాని యుద్యోగులకే యీ రక్షణ. పై పోలీసు అధికారి చేతనే తొలగింపబడదగిన సబిన్‌స్పెక్టరునకు సాధారణముగ నిది వర్తింపదని సుప్రీంకోర్టు 1960 దశకముననే తీర్పు చెప్పెను. ప్రభుత్వము ప్రత్యేకముగ నోటిఫికేషను చేసి శాంతిరక్షక దళములకు దీనిని విస్తరింపవచ్చును, అది వేఱుమాట. 1958 నాటి సాయుధదళముల ప్రత్యేకాధికారచట్టము వంటివాని సంగతియు వేఱే. ఆ చట్టము 6వ సెక్షను కేంద్రప్రభుత్వానుమతి లేనిదే దావాను గూడ నడ్డగించును. మన ఠాణాలలోని సామాన్యనిర్బంధమునకు మాత్ర మట్టి సంపూర్ణకవచము లేదు.

మఱి ఠాణాలో జేసిన ప్రతిపనియు నుద్యోగధర్మమేనా? ఈ ప్రశ్న మన ఆంధ్రదేశమునుండియే సుప్రీంకోర్టునకు వెళ్లినది. 1859 నాటి మదరాసు జిల్లా పోలీసు చట్టము 53వ సెక్షను ప్రకారము, ఆ చట్టము క్రింద జేసిన పనికై పోలీసువారిపై దావా గాని, ప్రాసిక్యూషను గాని మూడు మాసములలోపల తేవలెను. దొంగతనపు టనుమానముతో నొకని నిర్బంధించి, నేర మొప్పించుటకై కొట్టిరన్న కేసులో, మూడు మాసములు దాటిన దన్న కారణమున హైకోర్టు ముద్దాయిలను విడిచిపెట్టెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అప్పీలు చేయగా 1963లో సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చెను. కొట్టి నేర మొప్పించుమని యే చట్టమును పోలీసువానికి జెప్పలేదు. పనికిని, విధికిని సహేతుకమైన సంబంధ ముండవలెను. అది లేనిచోట నీ రక్షణయు లేదని న్యాయమూర్తులు తేల్చిరి. యూనిఫారము వేసికొనియున్నంత మాత్రమున జేసిన ప్రతిపనియు ధర్మనిర్వహణము కానేరదు. 2020లో దేవరాజ కేసున, విధినిర్వహణలో హద్దు మీఱినను సంబంధ మున్నచో ననుమతి యావశ్యకమని అదే కోర్టు చెప్పినది. ఈ రెండు తీర్పుల నడుమనున్న సన్ననిగీతమీదనే నేడు వాదములు నడచుచున్నవి.

రెండవ గోడ రాజ్యము నందున్నది. సబిన్‌స్పెక్టరుపై డిక్రీ వచ్చినను వానివద్ద నేమి వసూలగును? కావున బాధితుడు ప్రభుత్వమును ప్రతివాదిగ జేర్చును. ప్రభుత్వమో, ఇది సార్వభౌమకృత్యము, మాకు బాధ్యత లేదనును. ఈ వాదముయొక్క పుట్టుక వినుడు. ఈస్టిండియా కంపెనీకి గల బాధ్యత యెంతయో తరువాతి ప్రభుత్వములకును నంతయే యని చట్టములు వ్రాయబడెను. 1861లో కలకత్తాయందు కిద్దర్‌పూరు ఓడలరేవువద్ద సర్కారుకూలీలు మోయుచున్న యినుపసామానువలన నొక యోడలకంపెనీవారి గుఱ్ఱమునకు గాయమైనది. ప్రభుత్వము పరిహార మీయవలెనని తీర్పు వచ్చినది. కాని యా తీర్పులోనే, సార్వభౌమకృత్యములకు మాత్ర మీ బాధ్యత లేదన్న విభజన యొకటి నాటుకొన్నది. మన రాజ్యాంగము 300వ అధికరణ మా పూర్వస్థితినే కొనసాగించినది.

దాని ఫలితము కస్తూరిలాల్ కేసున గన్పట్టెను. 1947 సెప్టెంబరులో అమృతసరపు వర్తకసంస్థ భాగస్వామి యొకడు బంగారము, వెండి యమ్ముటకు మీరటు నగరమునకు వచ్చెను. పోలీసువారు రాత్రివేళ నాపి, అనుమానముతో నిర్బంధించి, నూఱు తులములకు పైబడిన బంగారమును స్వాధీనపఱచుకొనిరి. మఱునాడు మనిషిని జామీనుపై విడిచిరి. బంగారము మాత్రము తిరిగి రాలేదు. దానిని కాపాడవలసిన హెడ్‌కానిస్టేబులే యపహరించి పాకిస్తానమునకు బాఱిపోయెను. కంచె చేను మేసినది. అయినను 1964లో సుప్రీంకోర్టు, నిర్బంధించుటయు, సొత్తు పట్టుటయు సార్వభౌమాధికారములని పలికి ప్రభుత్వమును బాధ్యతనుండి విడుదల చేసెను. ఈ స్థితి తృప్తికరము కాదు, శాసనసభలు సవరింపవలెనని మాత్రము సూచించెను.

ఇచట నొక విచిత్రము గలదు. ఈ సిద్ధాంతమును మనకు నేర్పినది ఇంగ్లండు. ఆ ఇంగ్లండు 1947లోనే క్రౌన్ ప్రొసీడింగ్స్ చట్టమును జేసి, తన రాజ్యమును సామాన్యునివలె దావాలకు లోబఱచుకొన్నది. 1964లో మఱియొక చట్టముచే, కానిస్టేబుళ్ల తప్పునకు ముఖ్యాధికారి బాధ్యత వహించి పోలీసునిధినుండి పరిహార మీయునట్లు నిర్ణయించుకొన్నది. దొర తన యింట నా పాతసామాను పాఱవేసినాడు. మన మది యింకను దాచుకొనియున్నాము. ఈ మినహాయింపును తొలగింపవలెనని మన లా కమిషను 1956లో తన మొదటి నివేదికయందే చెప్పినది. 1965లోను, 1967లోను పార్లమెంటునకు బిల్లులు వచ్చినవి. ఏదియు చట్టము కాలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట నింతకాలము ప్రజాప్రతినిధులకు తీరిక చిక్కలేదన్న నెవ్వరు నమ్ముదురు?

శాసనసభలు చేయని పనిని న్యాయస్థానములు కొంతవఱకు జేసినవి. బీహారులో రుదుల్ షా యనునాతడు 1968లో నిర్దోషియని విడుదల యుత్తరువు పొందియు, 1982 వఱకు జైలులోనే మగ్గెను. 1983లో సుప్రీంకోర్టు రిట్టుపిటీషనులోనే వానికి నష్టపరిహార మిప్పించెను. దావా వేసికొను హక్కు గూడ వానికి నిలిచియున్నదని చెప్పెను. 1985లో, జమ్మూకాశ్మీరు శాసనసభ్యుడు భీమ్ సింగును సభకు బోనీయక నిర్బంధించిన కేసులో 50,000 రూపాయలు ఇప్పించిరి. ఆ తీర్పు వ్రాసిన చిన్నపరెడ్డిగారు మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో న్యాయమూర్తిగ నుండి వెళ్లినవారే. 1993లో నీలాబతీ బెహరా కేసున, ప్రాథమికహక్కు భంగమైనచోట సార్వభౌమత్వపు సాకు చెల్లదని నిర్ణయమయ్యెను.

తెలుగునేల కేసులు రెండు దీనిని బలపఱచినవి. 1994లో నాగేంద్రరావు కంపెనీ కేసున, అధికారులు పట్టియుంచి పాడుచేసిన సరకునకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే బాధ్యత వహింపవలెనని తీర్పు వచ్చెను. కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలులో 1977లో బాంబుదాడి జరిగెను. ప్రాణభయ మున్నదని ముందే మొఱపెట్టుకొన్నను కాపలా సరిగ నుంచలేదు. నిర్బంధితులలో నొకరు మరణించిరి, ఒకరు గాయపడిరి. జీవించుహక్కునకు భంగము కలిగినపుడు రాజ్యము సార్వభౌమత్వము చాటున దాగరాదని మన హైకోర్టు చెప్పగా, 2000లో సుప్రీంకోర్టు దానిని స్థిరపఱచెను. కస్తూరిలాల్ తీర్పు పేరునకు నిలిచియున్నను దాని బలము చాలవఱకు సడలినది.

సంతోషమే. కాని యీ సంతోషమునకు హద్దు గలదు. రిట్టు మార్గమున దొరకునది స్పష్టమైన కేసులలోనే దొరకును. వాస్తవములపై వివాదము పుట్టినచో సివిల్ కోర్టునకు బొమ్మందురు. శాస్త్రవేత్త నంబి నారాయణన్‌గారి కథ మీ రెఱిగినదే. 1994లో కేరళ పోలీసువారు గూఢచర్యమను నేరముమోపి నిర్బంధించిరి. కేసులో సత్యము లేదని సి.బి.ఐ. 1996లోనే నివేదించెను. 50 లక్షల రూపాయల పరిహారము సుప్రీంకోర్టుచే లభించినది 2018లో. దేశమెల్ల నెఱిగిన పండితునకే 24 ఏండ్లు పట్టినచో, పేరు తెలియని కూలీమాట యేమి? పైగా నా 50 లక్షలును ప్రభుత్వఖజానానుండి, అనగా ప్రజలు కట్టిన పన్నులనుండి వచ్చినవే. తప్పు చేసినవానినుండి రాజ్యము తిరిగి రాబట్టుకొనవచ్చునని డి.కె. బసు తీర్పున 1996 డిసెంబరులోనే చెప్పబడియున్నది. రాబట్టు ప్రభుత్వము లరుదు.

మూడవ గోడ కాలము. మా దృష్టిలో నిదియే యన్నిటికంటె నెత్తైన గోడ. ఏలయన నిది కంటికి గనబడదు. అక్రమనిర్బంధమునకు నష్టపరిహారపు దావా, నిర్బంధము ముగిసిననాటినుండి ఒక యేడాదిలోపల వేయవలెనని 1963 నాటి లిమిటేషను చట్టము 73వ అధికరణము చెప్పును. మన జనులు చేయున దేమి? క్రిమినల్ కేసు తేలనిమ్ము, నిర్దోషినని తీర్పు రానిమ్ము, అప్పుడు చూతమని కూర్చుందురు. కేసు రెండు మూడేండ్లు నడచును. తీర్పు చేతబట్టుకొని వకీలునొద్దకు వచ్చునప్పటికి దావాహక్కు చచ్చిపోయి యుండును. నిర్దోషియైన నాటినుండి లెక్కకు వచ్చునది దురుద్దేశపూరిత ప్రాసిక్యూషనుకై వేయు దావా. అది 74వ అధికరణము. అందు పోలీసువానికి సహేతుకమైన కారణము లేదనియు, దురుద్దేశము గలదనియు రుజువు చేయుభారము వాదిపై నుండును. అక్రమనిర్బంధపు దావాలో నట్లు గాదు; నిర్బంధము జరిగినదని వాది చూపినచో, అది న్యాయసమ్మతమని చూపవలసినవాడు నిర్బంధించిన యధికారియే. సులభమైన దారి మూసికొనిపోయిన పిదప కఠినమైన దారిని బడుచున్నాము.

మఱియొక చిక్కు వినుడు. మేజిస్ట్రేటువారు రిమాండు చేసిన క్షణమునుండి నిర్బంధము న్యాయస్థానపు టుత్తరువుక్రిందికి వచ్చును. అటుపిమ్మటి కాలమునకు పోలీసువానిపై అక్రమనిర్బంధపు దావా సాధారణముగ నిలువదు. కావున ఠాణాలో నెన్నిగంట లుంచిరన్నదే మూలప్రశ్న. అందువలననే ఆ గంటలు కాగితమున వ్రాయబడవు. దీనికితోడు, అధికారహోదాలో జేసిన పనికై దావా వేయుటకు సివిల్ ప్రొసీజరు కోడు 80వ సెక్షను క్రింద రెండుమాసముల ముందు నోటీసీయవలెను. నోటీసులేని దావా సరియైన మినహాయింపు లేక నిలువదు. పోలీసుచట్టములలోని మూడుమాసముల గడువు వాదమునకు రాకుండ జాగ్రత్తపడవలెను. కారణములేని యరెస్టు చేయించినవానిచేత పరిహార మిప్పించు సెక్షను నాగరిక సురక్షా సంహితలో లేకపోలేదు, 399వ సెక్షను. దాని గరిష్ఠమొత్తము వేయి రూపాయలు! ఒక మనిషి స్వేచ్ఛకు శాసనకర్తలు కట్టిన వెల యిది.

అన్యదేశముల స్థితియు నొకింత చూతము. అమెరికాలో 1871లోనే, నీగ్రోజాతివారిపై జరుగు నత్యాచారముల నడ్డుటకు, హక్కు నపహరించిన రాష్ట్రాధికారిపై పౌరుడు నేరుగ దావా వేయవచ్చునని చట్టము చేసిరి. 1961లో మిసిసిపీ రాష్ట్రమందలి జాక్సను పట్టణపు బస్సుస్టేషనులో, జాతివివక్షను ధిక్కరించి తెల్లవారి గదిలో బ్రవేశించిన క్రైస్తవ మతాచార్యులను పోలీసువారు నిర్బంధించిరి. వారు వేసిన దావాలో 1967లో అచటి సుప్రీంకోర్టు, సద్బుద్ధితో, తగిన కారణముతో నరెస్టు చేసినవాని కా వాదము రక్షణయని చెప్పెను. ఆ చిన్నమొలక 1982 నాటి హార్లో తీర్పుతో మహావృక్షమయ్యెను. అధికారి యతిక్రమించిన హక్కు పూర్వమే స్పష్టముగ స్థిరపడియుండవలెను. లేనిచో దావా నిలువదను సిద్ధాంతము బలపడెను. దావాహక్కు పుస్తకమున నున్నను కోర్టుమాటలతో నెట్లు కరగిపోవునో ఆ దేశము మనకు నేర్పుచున్నది.

మా మాటలకు పోలీసుపక్షమువారు బదులు చెప్పుదురు: ప్రతి యరెస్టునకు దావా యన్నచో నేరగాండ్రను పట్టువా డెవ్వడు? రాత్రింబవళ్లు ప్రాణములకు తెగించి పనిచేయువాని చేతులు కట్టివేయుదురా? ఈ ప్రశ్నను తేలికగ ద్రోసివేయరాదు. తప్పుడు సమాచారమును నమ్మి, సద్బుద్ధితో నొకని పట్టుకొన్న కానిస్టేబుల్ యిల్లుగుల్ల కావలెనని మేము కోరము. వాస్తవమందలి పొరపాటునకు భారతీయ న్యాయసంహిత 14, 17 సెక్షనులు క్షమ నిచ్చుచునేయున్నవి. చట్టము తెలియదన్న మాటకు మాత్రము క్షమ లేదు. మఱియు చట్టవిరుద్ధమని తెలిసియు దురుద్దేశముతో నిర్బంధించిన యధికారికి 258వ సెక్షను ఏడేండ్ల వఱకు శిక్ష విధించుచున్నది. సత్పురుషునకును, దుష్టునకును భేదము చట్టమే చూపినది. రెండింటిని నొక్క దుప్పటిక్రింద గప్పుట సత్పురుషునకును మేలు కాదు, వానిపేరుకూడ చెడును.

కావున మేము కోరునది మితమైనది. సార్వభౌమత్వపు మినహాయింపును పార్లమెంటు శాసనముచే తొలగింపవలెను. బాధితునకు ముందుగ రాజ్యమే పరిహార మీయవలెను. దురుద్దేశము రుజువైనచోట నా సొమ్మును రాజ్యము అధికారి జీతమునుండి రాబట్టి, ఆ లెక్కను శాసనసభ యెదుట నుంచవలెను. దావాకు గడువు కేసు తేలిననాటినుండి లెక్కింపబడవలెను. తప్పుడు ప్రాసిక్యూషనుకు శాసనబద్ధమైన పరిహారమార్గ ముండవలెనని లా కమిషను 2018లో 277వ నివేదికయందు చెప్పియేయున్నది. 1979లో పౌరరాజకీయహక్కుల యంతర్జాతీయ ఒడంబడికలో జేరునపుడు, అక్రమనిర్బంధమునకు పరిహారహక్కు మా చట్టములో లేదని మన ప్రభుత్వము మినహాయింపు వ్రాసికొన్నది. ఆ వ్రాత మన దేశపు గౌరవమునకు దగదు.

చట్టము మారువఱకు చేతులు ముడుచుకొని యుండవలెనా? వలదు. మన స్వచ్ఛందసేవకులు ప్రతిగ్రామమున నీ సంగతులు చాటవలెను. మనవారి నెవ్వరినైన ఠాణాకు దీసికొనిపోయిన గంటను, తేదీని వెంటనే వ్రాసి, చూచినవారిచేత సంతకము చేయింపుడు. అరెస్టు మెమో యడుగుడు. అందు కాలము, తేదీ, సాక్షి సంతకము నుండవలెనని డి.కె. బసు తీర్పు. కారణమును వ్రాతలో గోరుడు. గాయము లున్నచో వైద్యపరీక్ష కోరుడు. మేజిస్ట్రేటువా రడిగినపుడు భయపడక, ఎన్నడు తెచ్చిరో నోరువిప్పి చెప్పుడు. ఆ యొక్క వాక్యము రికార్డులో జేరినచో తరువాత పది సాక్షులపెట్టు. ప్రతి ఠాణాలో సి.సి. కెమెరాలు నెలకొల్పవలెనని 2020లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించియున్నది. ఆ చిత్రములను భద్రపఱుపుమని వెంటనే దరఖాస్తు పెట్టుడు. ఇంటికి వచ్చిన వారములోనే వకీలును గలిసి నోటీసు పంపుడు. నిర్దోషియను తీర్పునకై వేచియుండవలదు. వకీలునకు సొమ్ము లేనివారికి జిల్లా న్యాయసేవాధికారసంస్థ ద్వారా ఉచితసహాయము పొందు మార్గము గలదు.

సోదరులారా! పరదేశిప్రభుత్వమున లాఠీకి జవాబుదారి లేదు. ఏలయన లాఠీ మనది కాదు. నేడు లాఠీ మనది, ఠాణా మనది, పోలీసువాడు మన బిడ్డ. మన బిడ్డ తప్పుచేసినపుడు లెక్క యడుగుట ద్వేషము కాదు, గృహధర్మము. ఆ లెక్క యడుగుటకు చట్ట మిచ్చిన గడువు స్వల్పము. అది దాటకమునుపే గడప దాటుడు. వందేమాతరం.